గాల్లో ఉండగా ఇంధనం అయిపోవడం ఏంటసలు? (చిన్న విమానాల ప్రమాదాలు)

సిమ్ పిచ్చోడు

నమస్తే అందరికీ. నేను ఇంట్లో సిమ్యులేటర్ మీద ఎగరేసే బాపతు, నిజం విమానం నడిపింది లేదు. ఈమధ్య చిన్న విమానాల ప్రమాద నివేదికలు చదవడం అలవాటైంది. ఇంజిన్ విరిగిందనో, మబ్బుల్లోకి దూరారనో రాస్తే అర్థమవుతుంది. కానీ "ఇంధనం అయిపోయింది, పొలంలో దిగారు" అని పదే పదే కనబడుతుంటే మతి పోతోంది. లైసెన్సు ఉన్నవాళ్లు, ఎదురుగా గేజీ ఉంది, అయినా చూసుకోరా? బైకుకి రిజర్వు ఉన్నట్టు విమానానికి ఉండదా? తెలిసినవాళ్లు తిట్టకుండా చెప్పండి.

ముసలి ఇన్‌స్ట్రక్టర్

తిట్టడానికేముంది బాబూ, అడగాల్సిన ప్రశ్నే. రిజర్వు ఉంటుంది. కాకపోతే బైకులో లాగా దానికో కుళాయి ఉండదు. అదే ట్యాంకులో, అదే ఇంధనంలో, లెక్క ప్రకారం మిగిలి ఉండాల్సిన భాగం. అమెరికా నిబంధన చూడండి: కళ్లతో చూస్తూ ఎగిరే ప్రయాణాలకు గమ్యం చేరాక పగలైతే ఇంకో 30 నిమిషాలు, రాత్రయితే 45 నిమిషాలు మామూలు వేగంతో ఎగరగలిగేంత ఉంటుందని లెక్క తేలితేనే బయల్దేరాలి. వేరే దేశాల్లోనూ కాస్త అటూ ఇటూగా ఇదే వరస. ఆ నిబంధనలో ఉన్న మాట "బయల్దేరాలి" అని. దారిలో ఎదురుగాలి ఆ 30 నిమిషాలనీ తినేస్తుంటే ఇంజిన్ దగ్గదు, తుమ్మదు. చివరి చుక్క దాకా ఒకే రకంగా తిరుగుతుంది. రిజర్వులో పడ్డామని గడియారం చూసి మనకు మనమే చెప్పుకోవాలి.

ఇంకోటి. మీరు చదివిన నివేదికల్లో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, విమానంలో వాడుకోదగ్గ ఇంధనం అసలు లేకపోవడం. రెండోది, ఉండి కూడా ఇంజిన్‌కి అందకపోవడం. ఎడమ ట్యాంకు ఎండిపోతుంది, కుడి ట్యాంకులో గంటన్నర సరుకు ఉంటుంది, ఏ ట్యాంకు నుంచి తాగాలో ఎంచే మీట, సెలెక్టర్, మాత్రం ఎడమ మీదే ఉంటుంది. ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్ గొట్టంలో పురుగు గూడు కట్టడం, ట్యాంకు అడుగున నీళ్లు చేరడం లాంటివి కూడా రెండో రకంలోకే వస్తాయి. ప్రమాదం ఒకేలా కనబడుతుంది కానీ జబ్బు వేరు, మందు వేరు.

లెక్కల మాస్టారు

అంకెలు నేను పెడతాను. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2017లో పైలట్ల కోసం ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2011 నుంచి 2015 వరకు ఇంధనం సరిగ్గా చూసుకోకపోవడం వల్ల అక్కడ ఏడాదికి సగటున 50కి పైగా ప్రమాదాలు. అందులో 56 శాతం పూర్తిగా అయిపోయినవి, 35 శాతం ఉండి అందనివి. పరికరాల లోపం పాత్ర ఉన్నవి 5 శాతమే.

నన్ను ఆపేసినవి వేరే రెండు అంకెలు. ఆ పైలట్లలో దాదాపు సగం మంది కమర్షియల్ లేదా అంతకంటే పై లైసెన్సు ఉన్నవాళ్లు. విద్యార్థులు 2 శాతమే. పైగా నూటికి 80 పట్టపగలు, చక్కటి వాతావరణంలో జరిగినవి. తుపాను లేదు, చీకటి లేదు, అనుభవం లేకపోవడమూ కాదు. విద్యార్థి సోలోకి వెళ్లేముందు అతని లెక్కని ఇంకొకరు కూడా చూస్తారు. లైసెన్సు చేతికొచ్చాక ఆ రెండో జత కళ్లు పోతాయి. తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం.

నిలువు గీత

ఇంత చర్చ అనవసరం. ఇది శుద్ధ బద్ధకం. ట్యాంకు నింపుకుని బయల్దేరు, అయిపోకముందే దిగు. దీనికి నివేదికలెందుకు, శాతాలెందుకు?

ముసలి ఇన్‌స్ట్రక్టర్

నిలువు గీత గారూ, "నింపుకుని బయల్దేరు" అన్నది వినడానికి బాగుంటుంది. నాలుగు సీట్ల చిన్న విమానం చాలామటుకు నలుగురు పెద్దవాళ్లనీ, నిండు ట్యాంకులనీ ఒకేసారి మొయ్యలేదు. బరువు పరిమితి దాటిపోతుంది. మనుషుల్ని ఎక్కించుకుంటే ఇంధనం తగ్గించాల్సిందే. పైపర్ కంపెనీ చిన్న విమానం చెరోకీ ట్యాంకు మూత తీసి చూస్తే లోపల ఒక రేకు ముక్క వేలాడుతుంటుంది, ట్యాబ్ అంటాం. 25 గాలన్ల ట్యాంకులో ఇంధనం దాని అంచుని తాకితే సుమారు 17 గాలన్లు, అంటే 64 లీటర్లు ఉన్నట్టు. ఆ ఏర్పాటు ఉన్నదే సగం సగం నింపుకునేవాళ్ల కోసం.

నిండుగా ఉందంటే తెలుసు, ఖాళీ అంటే తెలుసు. ప్రమాదాలన్నీ ఆ మధ్యలో ఉంటాయి. నిన్న ఎవరో నింపారు, ఈ ఉదయం ఇంకెవరో ఒక చక్కర్ కొట్టొచ్చారు, "ఇంకా చాలానే ఉంది" అన్నారు. ఆ "చాలానే" ఎన్ని లీటర్లు?

లెక్కల మాస్టారు

బద్ధకం లేకుండా కూడా ఎలా అయిపోతుందో ఒక లెక్క వేసి చూపిస్తా.

300 నాటికల్ మైళ్ల ప్రయాణం. విమానం వేగం 100 నాట్లు, అంటే గంటకు 100 నాటికల్ మైళ్లు. గంటకు 35 లీటర్లు తాగుతుంది అనుకుందాం. గాలి లేకపోతే 3 గంటలు, 105 లీటర్లు. మన పైలట్ జాగ్రత్తపరుడు, 30 నిమిషాలు కాదు, పూర్తిగా ఒక గంట రిజర్వు కలిపి 140 లీటర్లతో బయల్దేరాడు. పైన 25 నాట్ల ఎదురుగాలి తగిలింది. నేల మీద వేగం 75. అదే 300 మైళ్లకు ఇప్పుడు 4 గంటలు. 4 గంటలంటే 140 లీటర్లు. ఆ గంట రిజర్వు కాస్తా హారతి కర్పూరం. టాక్సీకి, పైకెక్కడానికి అయ్యే అదనపు ఖర్చు నేనిందులో వెయ్యనేలేదు. అది వేస్తే రన్‌వే కనబడుతుండగానే ఇంజిన్ ఆగుతుంది.

వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనుకునేవాళ్ల కోసం: వెళ్లడానికి 4 గంటలు, రావడానికి 125 నాట్లతో 2 గంటల 24 నిమిషాలు. మొత్తం 6 గంటల 24 నిమిషాలు. గాలి లేకపోతే 6 గంటలే. గాలి ఎటు వీచినా రానుపోను ప్రయాణంలో నష్టమే.

గాలిపటం

మాస్టారూ, 35 లీటర్లు అన్నది కూడా షరతులున్న అంకె. మాన్యువల్‌లో ఇచ్చే ఖర్చు పట్టికలన్నీ మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) సరిగ్గా లీన్ చేస్తే, అంటే తగ్గిస్తే, వచ్చేవి. దాన్ని మార్చే ఎర్ర నాబ్ ముట్టుకోకుండా ఫుల్ రిచ్‌లో పైన ఎగురుతూ పుస్తకంలో అంకెతో లెక్క వేసుకుంటే గంటకు నాలుగైదు లీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తేడా కొడుతుంది. శిక్షణలో చాలామందికి తక్కువ ఎత్తులో సర్క్యూట్లు కొట్టీ కొట్టీ రిచ్‌లో వదిలేయడం అలవాటైపోతుంది. మొదటి దూరపు ప్రయాణంలో ఆ అలవాటే కొంప ముంచుతుంది.

సిమ్ పిచ్చోడు

సరే, లెక్క తప్పొచ్చు. కానీ గేజీ ఉంది కదండీ? ముల్లు కిందికి పోతుంటే కనబడదా?

స్పానర్ మావయ్య

ఈ ప్రశ్న నా డిపార్ట్‌మెంటు. నేను విమానాల మెయింటెనెన్సులో ఉన్నాను.

పాత సెస్నా, పైపర్ విమానాల్లో గేజీ అంటే ట్యాంకులో ఒక తేలే బెండు, దానికో తీగ చెయ్యి, ఆ చెయ్యి కదిలితే మారే ఒక కరెంటు నిరోధం. అంతే. ట్యాంకు రెక్క లోపల వెడల్పుగా ఉంటుంది, లోతు తక్కువ. మట్టం ఒక వేలు వెడల్పు దిగితే బోలెడు లీటర్లు పోయినట్టు. విమానం కాస్త వాలిందా, ఇంధనం ఒక పక్కకి జారి ముల్లు ఎగిరి గంతేస్తుంది. ఎర్త్ కనెక్షన్ దగ్గర తుప్పు పడితే తప్పు చూపిస్తుంది. నేను చూసిన ఒక క్లబ్ విమానంలో కుడి గేజీ ఎప్పుడూ ముప్పావు దగ్గరే నిలబడేది. తీగ చెయ్యి వంగి ట్యాంకు గోడకి పట్టేసింది. దాని మీద ఎగిరేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, "దాన్ని నమ్మొద్దు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. లాగ్ బుక్కులో మాత్రం ఒక్కరూ రాయలేదు. రాస్తే విమానాన్ని షెడ్డులో పెడతారని.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. "నిబంధన ప్రకారం గేజీ ఖాళీ దగ్గర మాత్రం కరెక్ట్‌గా ఉంటే చాలు" అని పైలట్లు తెగ చెప్పుకుంటారు. అమెరికా నిబంధనలో ఉన్నది వేరు. వాడుకోవడానికి వీల్లేని అడుగు ఇంధనం మాత్రమే మిగిలినప్పుడు, సమతలంగా ఎగురుతుండగా, ముల్లు సున్నా చూపాలని ఉంది. అంటే ఆ అడుగు బొడుగుని లెక్కలో కలపకూడదని. మిగతా చోట్ల ఎలా చూపినా పర్లేదని ఎక్కడా లేదు. ప్రతి ట్యాంకులో ఎంతుందో చూపే గేజీ పనిచేస్తూ ఉండటం తప్పనిసరి పరికరాల జాబితాలోనే ఉంది. ఈ అపోహ వల్ల జరిగే నష్టమేంటంటే, గేజీ నిజంగా తక్కువ చూపించినప్పుడు కూడా "ఆఁ, ఇవెప్పుడు కరెక్ట్‌గా చూపాయి గనక" అని కొట్టిపారేస్తారు.

ముసలి ఇన్‌స్ట్రక్టర్

నూటికి నూరు పాళ్లు. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి చెప్పేదొకటే: గేజీ ఎక్కువ చూపిస్తే నమ్మొద్దు, తక్కువ చూపిస్తే నమ్ము. ట్యాంకులో గీతల కర్ర ముంచి కొలిచిన లెక్క, గడియారం లెక్క, గేజీ, మూడింటిలో ఏది తక్కువ చెబితే అదే నిజమనుకుని నడుచుకో.

నిలువు గీత

ఇప్పుడు డిజిటల్ ఫ్యూయల్ ఫ్లో మీటర్లు ఉన్నాయి కదా. ఎంత తాగిందో, ఎంత మిగిలిందో చివరి లీటరు దాకా చూపిస్తాయి. అవి పెట్టుకుంటే ఈ గోలంతా ఉండదు.

గాలిపటం

అవి చాలా మంచి పరికరాలే, కాదనను. కానీ చాలావాటికి ట్యాంకులో ఎంతుందో తెలియదు. ఇంజిన్ వైపు గొట్టంలో ఎంత పారిందో మాత్రమే తెలుసు. మొదట మీరు "ఫుల్" అని నొక్కితే ఫుల్ అనుకుని అందులోంచి తీసేస్తూ పోతుంది. ట్యాంకు మూత సరిగ్గా బిగించక రెక్క మీది తక్కువ ఒత్తిడికి ఇంధనం బయటికి లాగేసుకుపోతోందనుకోండి, ఆ లీటర్లు మీటరు గుండా పోవు. తెర మీద అంకె మాత్రం దర్జాగా ఉంటుంది.

మెల్లగా మెల్లగా

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. లెక్క తప్పితే ఎలా ఉంటుందో చెప్పడానికి గిమ్లీ గ్లైడర్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1983 జులై 23, ఎయిర్ కెనడా బోయింగ్ 767. అప్పుడే కెనడా మెట్రిక్‌లోకి మారుతోంది. లీటర్లని కిలోల్లోకి మార్చడానికి 0.8 చుట్టుపక్కల అంకెతో గుణించాల్సింది 1.77తో గుణించారు. అది పౌండ్ల అంకె. కావాల్సినదాంట్లో సగం కూడా లేకుండా బయల్దేరారు. దారిలో రెండు ఇంజిన్లూ ఆగిపోతే కెప్టెన్ బాబ్ పియర్సన్ దాన్ని గ్లైడర్‌లా నడిపి గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించాడు. ఆయన నిజంగానే గ్లైడర్ పైలట్. అందరూ బతికారు. ఆ తర్వాత...

మోడరేటర్

మెల్లగా మెల్లగా గారూ, గిమ్లీకి వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ చిన్న విమానాలే.

లెక్కల మాస్టారు

ఆ కొలతల గొడవ చిన్న విమానాలకీ తప్పదండి మోడరేటర్ గారూ, అందుకే ఒక్క మాట. మాన్యువల్ గాలన్లలో ఉంటుంది, ఇంధనం పోసే బండి (బౌజర్) లీటర్లలో పోస్తుంది, బరువు లెక్క పౌండ్లలోనో కిలోల్లోనో వేయాలి. గాలన్లలోనూ రెండు జాతులు: అమెరికా గాలన్ 3.785 లీటర్లు, ఇంపీరియల్ గాలన్ 4.546 లీటర్లు. పాత బ్రిటిష్ విమానం కాగితాల్లో 20 గాలన్లు అని ఉంటే అది అమెరికా లెక్కలో 24. ఇటుది అటు అనుకుంటే నాలుగు గాలన్లు గాల్లో కలిసినట్టే.

గాలిపటం

ఇన్‌స్ట్రక్టర్ గారు పైన రెండో రకం అన్నారు కదా, ఉండి అందకపోవడం. దాని మీద ఎవరూ మాట్లాడట్లేదు. నాకు ఆ రకమే ఎక్కువ భయం.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ దగ్గర సముద్రంలో కూలిపోయాడు. విమానం లాంగ్-ఈజీ, ఇళ్లలో కట్టుకునే రకం, ఆయన అప్పుడే కొనుక్కున్నది. ఆ నివేదిక ప్రతి ఒక్కరూ చదవాలి. అసలు డిజైన్‌లో ఫ్యూయల్ సెలెక్టర్ పైలట్ కాళ్ల మధ్యన ఉంటుంది. ఈ విమానం కట్టినవాళ్లు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకి బిగించారు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు లేవు. ఎంతుందో చూసే గాజు గొట్టాలు కూడా వెనకే, వాటికీ గుర్తులు లేవు. ముందు కూర్చున్నవాడికి అవి కనబడవని ఒక మెకానిక్ చిన్న అద్దం ఇచ్చాడు. హ్యాండిల్ అందట్లేదని ప్లయర్ బిగించి పొడుగు చేద్దామని చూశారు, అదీ పనిచేయలేదు. ఇంధనం పోయించుకోమంటే గంటసేపే కదా తిరిగేది, అక్కర్లేదన్నాడు.

లాంగ్-ఈజీలో కంట్రోల్ స్టిక్ కుడి చేతి పక్కన ఉంటుంది. ఎడమ భుజం వెనకున్న హ్యాండిల్ తిప్పాలంటే స్టిక్ వదిలేసి, ఒళ్లంతా ఎడమ వైపు మెలి తిప్పి, కుడి చేత్తో అందుకోవాలి. అలా తిరిగేటప్పుడు ఆసరా కోసం కుడి కాలు తెలియకుండానే విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్ పెడల్ మీద నొక్కుకుంటుంది. దర్యాప్తులో కూర్చుని తిరిగి చూసినవాళ్లకీ ఇదే అనుభవమైంది. సెలెక్టర్ తిప్పే ప్రయత్నంలో ధ్యాస మళ్లి, అనుకోకుండా కుడి రడ్డర్ పడి, అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంధనం నింపుకోకపోవడం, సెలెక్టర్‌ని అలాంటి చోట పెట్టడం, గుర్తులు లేకపోవడం, ఆ రకం విమానం మీద సరైన శిక్షణ లేకపోవడం, అన్నీ కారణాల్లో రాసింది.

నిలువు గీత గారూ, దీన్ని కూడా బద్ధకం అనే ఒక్క మాటలో తేల్చేస్తారా?

నిలువు గీత

తేల్చలేను. కానీ ఆరోజు నింపుకుని ఉంటే ఆ హ్యాండిల్ తిప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. నా మాట నాదే.

స్పానర్ మావయ్య

మీ ఇద్దరి మాటా నిజమే. ఇంజినీర్‌గా నేను చెప్పేది, పైలట్‌ది తప్పే అయినా ఆ తప్పుకి దారి వేసి పెట్టిన డిజైన్‌ని వదిలెయ్యకూడదు. గ్లాస్గోలో 2013 నవంబర్ 29 రాత్రి పోలీసు హెలికాప్టర్, ఈసీ135, ఒక పబ్బు మీద పడింది. పదిమంది పోయారు. ప్రధాన ట్యాంకులో 73 కిలోల ఇంధనం అలాగే ఉంది. అక్కడి నుంచి ఇంజిన్లకి తిండి పెట్టే చిన్న ట్యాంకుల్లోకి పంపే ట్రాన్స్‌ఫర్ పంపులు ఆపేసి ఉన్నాయి. ఇంధనం తక్కువని హెచ్చరికలు కూడా వచ్చాయి.

రెక్క పైన ఉండే సెస్నా 172లో సెలెక్టర్‌కి "బోత్" అనే స్థానం ఉంది. రెండు ట్యాంకుల నుంచీ దానంతటదే దిగుతుంది. రెక్క కింద ఉండే చెరోకీలో అది లేదు, ఎడమ లేదా కుడి. చెరోకీ వాళ్లు అరగంటకోసారి మార్చుకుంటూ పోవాలి.

టవర్ గొంతు

చెరోకీ నడిపే ఒకాయన చెప్పిన కిటుకు బాగుంటుంది. గడియారంలో నిమిషాల ముల్లు కుడి సగంలో ఉంటే కుడి ట్యాంకు, ఎడమ సగంలో ఉంటే ఎడమ ట్యాంకు. గుర్తు పెట్టుకోవాల్సిన పనే లేదు.

నేను కంట్రోలర్ వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. ఇంధనం తగ్గిందని పైలట్లు మాకు చెప్పరు. గొంతులో తేడా వినబడుతుంది, "దగ్గరి దారి ఇవ్వగలరా" అంటారు, "వరుసలో మా నంబరు ఎంత" అంటారు, అసలు మాట అనరు. అంతర్జాతీయంగా రెండు మాటలు స్థిరపడి ఉన్నాయి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక కొంచెం ఆలస్యమైనా రిజర్వులోకి వెళ్లిపోతానని సమాచారం ఇవ్వడం. అది విన్నంత మాత్రాన మేం ముందుకి తొయ్యాలని లేదు. "మేడే మేడే మేడే ఫ్యూయల్" అంటే రిజర్వు కంటే తక్కువతో దిగబోతున్నానని. అది విన్నాక దారిలో ఉన్నవాళ్లందర్నీ పక్కకి జరుపుతాం.

పెద్ద విమానమే అయినా ఒక్కసారికి అనుమతించండి మోడరేటర్ గారూ. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా సంస్థ 52వ నంబరు ప్రయాణికుల విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఇంధనం అయిపోతోందని చెప్పారు, ముందు అవకాశం కావాలన్నారు. ఎమర్జెన్సీ అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు.

సిమ్ పిచ్చోడు

ఎందుకు అనరండీ? ప్రాణం మీదికొచ్చాక మొహమాటమా?

టవర్ గొంతు

మొహమాటం సగం, కాగితాల భయం సగం. ఎమర్జెన్సీ అంటే విచారణ ఉంటుందని, లైసెన్సు మీదికొస్తుందని అనుకుంటారు. మహా అయితే ఓ సంజాయిషీ రాయమంటారు. పొలంలో దిగితే తప్పించుకోవచ్చా విచారణ?

ముసలి ఇన్‌స్ట్రక్టర్

దానికంటే ముందు ఇంకో మొహమాటం ఉంటుంది. దారిలో ఒక ఎయిర్‌ఫీల్డ్ కింద కనబడుతుంటుంది. అక్కడ దిగి పోయించుకుంటే నలభై నిమిషాలు పోతాయి. ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తుంటారు, వెనక సీట్లో చుట్టాలుంటారు, "ఇంకెంతసేపు" అంటారు. ఇంకో అరగంటలో చేరిపోతాం కదా అనిపిస్తుంది. ఆ ఎయిర్‌ఫీల్డ్ దాటిపోయినప్పుడే ప్రమాదం మొదలైంది. ఇంజిన్ ఆగడం తర్వాతి సంగతి.

అందుకే నేను బయల్దేరకముందే మోకాలి ప్యాడ్ మీద ఒక టైం రాయిస్తా. "ఇన్నింటికల్లా చక్రాలు నేల మీద ఉండాలి" అని. అమెరికా పైలట్ల సంఘం ఏఓపీఏ వాళ్ల భద్రతా విభాగం చెప్పేది కూడా కనీసం ఒక గంట ఇంధనంతో దిగమనే. చట్టం చెప్పే 30 నిమిషాలు కాదు. ఆ టైం వచ్చేసరికి ఎక్కడున్నా సరే, దగ్గర్లో ఉన్నదాంట్లో దిగడమే. గాల్లో మళ్లీ బేరాలు లేవు.

నిలువు గీత

ఇది ఒప్పుకుంటా. ఒక ప్రశ్న. కొందరు పాతకాపులు దూరపు ప్రయాణాల్లో ఒక ట్యాంకుని కావాలనే పూర్తిగా ఎండబెట్టి, ఇంజిన్ తడబడగానే రెండోదానికి మారుస్తారు. మిగిలిందంతా ఒకే చోట ఉంటుంది, ఎంతుందో కచ్చితంగా తెలుస్తుందని. మీరేమంటారు?

ముసలి ఇన్‌స్ట్రక్టర్

వాదనలో పస ఉంది. రెండు ట్యాంకుల్లో చెరో పావుగంట ఉండటం కంటే ఒకదాంట్లో అరగంట ఉండటం నయం, దిగేటప్పుడు ట్యాంకు మార్చే పని ఉండదు. అయినా నేను చెయ్యను, చెయ్యనివ్వను. ఇంజెక్షన్ ఇంజిన్లలో గొట్టాల్లోకి గాలి చేరితే మళ్లీ అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, పక్క సీట్లో ఉన్నవాళ్ల ప్రాణాలు పైనే పోతాయి. రెండో ట్యాంకు వెంట్ మూసుకుపోయి ఉంటే ఆ సంగతి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది. మాన్యువల్‌లో వద్దని ఉంటే ఇక చర్చే లేదు.

గాలిపటం

నేను చేస్తాను, ఎత్తు బాగా ఉన్నప్పుడు, కింద రన్‌వే ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు. పుస్తకంలో రాసినదానికీ నా విమానం నిజంగా ఇచ్చేదానికీ తేడా నాకు అలాగే తెలిసింది. మీతో ఈ ఒక్క విషయంలో రాజీ పడను సార్.

సిమ్ పిచ్చోడు

నిజంగా ఆగిపోతే ఏం చెయ్యాలి? సిమ్యులేటర్‌లో నేను ముక్కు పైకెత్తి రన్‌వే దాకా లాగాలని చూస్తా, ప్రతిసారీ కూలుతుంది.

ముసలి ఇన్‌స్ట్రక్టర్

కూలక ఏమవుతుంది! ముక్కు ఎత్తితే దూరం పెరగదు, వేగం చచ్చిపోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మొయ్యడం మానేస్తాయి. అదుపులో ఉంచుకుని నేల మీద దిగేవాళ్లకంటే గాల్లోనే స్టాల్ అయి గిరికీలు కొట్టి పడేవాళ్ల పరిస్థితి ఘోరం. ముక్కు దించి గ్లైడ్ వేగం పట్టుకోవాలి. కొత్త 172లో అది 68 నాట్లు. గాలి లేకపోతే వెయ్యి అడుగులకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు వస్తుంది. అందులో అందేది ఏదైతే అది: రోడ్డో, చదును పొలమో. ఎత్తుంటే ట్యాంకు మార్చి, పంపు వేసి, మిక్స్చర్ రిచ్ చేసి, కార్బురేటర్ హీట్ (అందులో మంచు కరిగించే వేడిగాలి మీట) లాగి చూడాలి. కానీ ముందు వేగం, తర్వాతే మిగతావి. డెన్వర్ ప్రమాదంలో తిరగబడింది ఈ వరసే.

స్పానర్ మావయ్య

శకలాలు చూసేవాళ్లకి ఇలాంటివి తొందరగానే తెలిసిపోతాయి. దగ్గరికి వెళ్తే పెట్రోల్ వాసన రాదు. రెక్క చీలిన చోట గడ్డి మాడి ఉండదు. మంటలు ఉండవు, అందుకే ఇలాంటి వాటిలో చాలామంది నడిచి బయటపడతారు కూడా. ప్రొపెల్లర్ రెక్కలు తిరుగుతూ నేలని కొట్టినట్టు మెలి తిరిగి ఉండవు, ఒకటి మాత్రం వెనక్కి వంగి ఉంటుంది. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున ఒక చెంచాడు. అయితే తొందరపడి రాయకూడదు. ట్యాంకు పగిలితే ఇంధనం నేలలోకి ఇంకిపోయి కూడా ఖాళీగా కనబడొచ్చు. గొట్టాలు, ఫిల్టరు, మట్టి, అన్నీ చూశాకే.

సిమ్ పిచ్చోడు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఆఖరి సందేహం. శిక్షణలో చేరబోతున్నా. కర్రతో కొలవడం అంటున్నారు కదా, ఆ కర్ర కొనుక్కోవాలా? ఏదైనా ఒకటేనా?

స్పానర్ మావయ్య

ఒకటి కాదు. ఒకే 172ఎన్ మోడల్‌లో 43 గాలన్ల ట్యాంకులున్నవీ ఉన్నాయి, 54 గాలన్లవీ ఉన్నాయి. అంటే 163 లీటర్లు, 204 లీటర్లు. తేడా 40 లీటర్ల పైనే, గంటకు పైగా ఎగురుడు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఒకదాని కర్ర ఇంకోదాంట్లో ముంచితే అది చెప్పే అంకెకి అర్థం లేదు.

మీరు చేరే చోట ప్రతి విమానానికీ దాని రిజిస్ట్రేషన్ రాసిన కర్ర ఉందో లేదో అడగండి. లేకపోతే తయారుచెయ్యమనండి. చదును నేల మీద పెట్టి, వాడుకోదగ్గ ఇంధనం అంతా తీసేసి, పది పది లీటర్లు పోసుకుంటూ గీతలు పెట్టుకుంటూ పోవడమే. వాలు నేల మీద కొలవొద్దు, పోసిన వెంటనే కూడా కొలవొద్దు, మట్టం కుదురుకోనివ్వండి. ట్యాంకు అడుగు తగిలేదాకా కర్ర నిటారుగా దించండి. కొలిచాక మూత రబ్బరు పగిలిందేమో వేలితో తడిమి చూసి, బిగించి, ఇంకోసారి లాగి చూడండి.